వార్త తెలుపు ధర్మము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సంస్కృతము చదివిన ముదుసలి పంతులు గనుక శిల్పశాస్త్రమును గూర్చియో, విశ్వకర్మ మహిమను గూర్చియో చెప్పునని వారు తలచియుందురు. అట్టి యుపన్యాసములు ఈ వేదికపై ఏటేట జరుగుచునే యున్నవి. అవి వినుట నాకును ప్రీతియే. కాని యీ యేడు నేను వేఱొక విషయము నెన్నుకొంటిని. కర్మాగారమున ఘోరప్రమాదము సంభవించినప్పుడు, ఆ వార్తను మృతుల కుటుంబములకును, బ్రదికియున్న తోడి పనివారికిని ఎట్లు తెలుపవలెను అనునదియే ఆ విషయము. శుభసభలో ఈ యశుభప్రసంగ మేల యని కొంద ఱనుకొనవచ్చును. అశుభము వచ్చిన దినమున ఉపన్యాసములు వినుటకు తీరిక యుండదు. అందుచేత శుభదినముననే చెప్పుకొనవలసియున్నది.

మన పూర్వుల పనిచోటు ఇంటి ముంగిటనే యుండెడిది. కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిస, కంచరి మూస, కంసాలి కుంపటి, శిల్పి యులి, ఇవి యన్నియు ఇల్లాలి చెవికి వినబడు దూరమునందే మ్రోగుచుండెడివి. సమ్మెట జాఱి వ్రేలు నలిగినను, మూస పగిలి కాలు కాలినను, అఱపు వినిన క్షణముననే భార్యయో తల్లియో పరుగెత్తుకొని వచ్చెడిది. వార్త తెలుపుట యను సమస్యయే నాడు లేదు. కంటితో చూచుటయే వార్త. నేడు కొలిమి యొద్ద నున్నవారు మనలో కొందఱే. తక్కినవారు విశాఖపట్టణమునను, హైదరాబాదు చుట్టునున్న పారిశ్రామిక వాడలలోను, పూనా సూరతు వంటి దూరపట్టణములలోను, సముద్రమునకావల గల్ఫు దేశములలోను ఫిట్టరులుగను, వెల్డరులుగను, యంత్రచాలకులుగను పనిచేయుచున్నారు. అఱపునకును ఇంటికిని నడుమ నొక గేటు వచ్చి నిలిచినది. గేటునకు లోపల యజమాని, వెలుపల తల్లి. నడుమ వార్తను మోయువా డెవడు? వాడేమి చెప్పవలెను? ఎప్పుడు చెప్పవలెను?

మన కులమున యజమానులును కలరు, పనివారును కలరు. ఈ పందిరి వేయించిన దాతలలో కొందఱు కర్మాగారముల కధిపతులు. అదిగో, ఆ ప్రక్క వడ్డనకు విస్తళ్లు సవరించుచున్న యువకులలో కొందఱు అట్టి కర్మాగారములలోనే జీతమునకు పనిచేయువారు. ఇరువురి యెదుటను ఒకేమాఱు చెప్పుట కింతకంటె తగిన స్థలము నాకు దొరకదు. కావున ఎవరిని నొప్పించుటకును గాక, అందఱ మేలు కోరి చెప్పుచున్నానని మన్నింపుడు.

ముందుగా నా తప్పిద మొకటి చెప్పుకొందును. పరులకు ధర్మము చెప్పువాడు తన దోషమును దాచుకొనరాదు.

1984 ప్రాంతమున నేను కోనసీమలో నొక పల్లెయందు క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. తంతివార్త వచ్చినచో టపా బంట్రోతు దానిని బడి యొద్దకు తెచ్చి నాచేత చదివించుట ఆ యూరి వాడుక. ఇంగ్లీషు తెలిసినవారు పల్లెలో కొందఱే యుండిరి. ఒకనాటి మధ్యాహ్నమున ఒక విధవరాలి పేరట తంతి వచ్చినది. ఆమె పెద్దకొడుకు రెండు రాత్రుల రైలు ప్రయాణపు దూరమున నొక ఇనుప కర్మాగారమున పనిచేయుచుండెను. నేను కాగితము విప్పితిని. కుఱ్ఱవాడు మరణించెనని యందు స్పష్టముగ నున్నది. ఆమె నా మొగము చూచుచు ఎదుట నిలిచియున్నది. నాకు ఇరువదియైదేండ్లు కూడ నిండలేదు. నోట మాట రాలేదు. చివరకు, "అమ్మా! అబ్బాయికి ఒంట్లో బాగుగ లేదట, వెంటనే బయలుదేఱి రమ్మన్నారు" అంటిని.

అది దయ యని నేను తలచితిని. ఆమె ఆ రాత్రికే బయలుదేఱినది. పథ్యమునకు పాతబియ్యము, శొంఠిపొడి, వెంకన్న కుంకుమ మూటగట్టుకొని, ఒంటరిగా రైలెక్కినది. రెండవ కొడుకును బడి మానిపింప నేల యని ఇంటనే యుంచినది. మూడవనాటి యుదయమున ఆ కర్మాగారపు ద్వారము కడ పేరు చెప్పగా, గుమాస్తా యొకడు లోపలినుండి ఒక కాగితమును తెచ్చి, ఇచ్చట వ్రేలిముద్ర వేయుమని చెప్పి, శవమును ఊరికి తీసికొనిపోవుదురా, ఇచ్చటనే దహనము చేయింతురా యని యడిగెనట. తన కొడుకు లేడని ఆ తల్లి యెఱిగిన విధ మది. చితికి నిప్పు పెట్టుటకు తమ్ముడు ప్రక్కన లేడు. ఆమె భాష తెలిసినవా డచ్చట నొక్కడును లేడు.

పది దినముల తరువాత ఆమె బడి యరుగు మీదికి వచ్చి, విప్పని పాతబియ్యపు మూటను నా యెదుట పెట్టి, "పంతులుగారూ! ఆ కాగితము చదివినప్పుడే మీకు తెలియునా?" యని యడిగినది. నేను తల వంచుకొంటిని. "రెండు రాత్రులు రైలులో వాడు బ్రదుకవలెనని మ్రొక్కుకొంటిని, బాబూ. ఆ రెండు రాత్రులును నా బిడ్డకై యేడ్చుకొనియుందును గదా! నా యేడ్పును కూడ మీరు నాకు లేకుండ చేసితిరి" అన్నది. కోపముతో అనలేదు. అందుచేతనే నేటికిని మఱవలేకున్నాను.

తంతి వ్యవస్థ 2013 జూలైలో మూతపడినది. మన యలవాటు మాత్రము మూతపడలేదు. నేటికిని చేతిఫోనులో "సీరియస్‌గా నున్నది, వెంటనే రండి" అనుచునే యున్నాము. చెప్పువాని నోటికది సుఖము. వినువారికది వంచన.

పురాణము లెఱిగినవారు దీనికి సమాధానము చెప్పగలరు. దశరథుడు మరణించినప్పుడు వసిష్ఠమహర్షి కేకయరాజధానికి దూతలను పంపి, తండ్రి మరణమును గాని, రాముని వనవాసమును గాని భరతునకు చెప్పవలదని యాజ్ఞాపింపలేదా? భరతుడు ఒక్కొక్కరి క్షేమమును అడుగగా, నీవు కుశల మడిగినవారందఱు కుశలులే యని దూతలు చెప్పలేదా? నిజమే. రాజులేని రాజ్యమును కాపాడుటకై వసిష్ఠుడట్లు చేసెను. కాని తరువాత నేమి జరిగినదో కూడ వాల్మీకి చెప్పెను గదా! భరతుడు ఏడు రాత్రులు ప్రయాణము చేసి, నిశ్శబ్దమైయున్న అయోధ్యను చూచి, గుండె జల్లుమన, తండ్రి మందిరమున తండ్రిని గానక, తల్లి మందిరమునకు పోయెను. అచ్చట ఆ వార్తను చెప్పిన దెవరు? కైకేయి. అదియు, నీకు రాజ్యము సంపాదించితినని సంతోషముతో చెప్పినది. ఏ నోట వినరాదో ఆ నోటనే వినవలసివచ్చెను. దాచినంతమాత్రమున వార్త చావదు. అది మఱియొక ద్వారమున, మఱింత క్రూరమైన నోట వచ్చి చేరును. వసిష్ఠునంతటివాడు దాచినను తప్పని ఫలము, గుమాస్తాలు దాచినచో తప్పునా?

సగము సత్యమును గూర్చియు మన పెద్దలు చెప్పియే యున్నారు. అశ్వత్థామ హతుడయ్యెనని గట్టిగను, ఏనుగని మెల్లగను పలికిన ధర్మరాజునకు, అంతవఱకు భూమికి నాలుగంగుళముల యెత్తున నడచిన రథము నేలకు దిగెను. నేడు గేటు వెలుపల వందలమంది గుంపుగూడి యుండగా, లోపలినుండి "స్వల్పప్రమాదము, అంతయు అదుపులో నున్నది" అని ప్రకటనలు వచ్చుట చూచుచున్నాము. ఒక మూల మంట అదుపులోనికి వచ్చియుండవచ్చును. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కాని తల్లి యడిగినది మంటను గూర్చి కాదు.

ఇక హనుమంతుడు. అతడు లంకనుండి తిరిగివచ్చి, ఎదురుచూచుచున్న వానరులకు సముద్రలంఘనము, లంకాదహనము మొదలైన కథనంతయు చెప్పెను. కాని అన్నిటికంటె ముందు సీతను చూచితిననియే చెప్పెను. ఆ యొక్క మాటకై వారందఱు ప్రాణము లుగ్గబట్టుకొని యున్నారని యతడెఱుగును. వార్తాహరుని ధర్మమంతయు అందున్నది. వినువాడు దేనికై తపించుచున్నాడో దానిని మొదట చెప్పవలెను, తక్కినది తరువాత.

పురాణములను విడిచి మన కాలమునకు వత్తము. 2006 జనవరి 2వ తేది ఉదయమున, అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున సేగో యను బొగ్గుగనియందు ప్రేలుడు జరిగి 13 మంది పనివారు లోపల చిక్కుకొనిరి. కుటుంబములు దగ్గఱనున్న చర్చిలో కూడి ప్రార్థించుచుండిరి. మఱునాటి సాయంకాలము ఒకని శవము దొరికెను. అర్ధరాత్రి కొంచెము ముందు, తక్కిన 12 మందియు బ్రదికియున్నారను మాట చర్చికి చేరెను. గంటలు మ్రోగించిరి, ఒకరినొకరు కౌగిలించుకొనిరి. మఱునాటి వార్తాపత్రికలలో కొన్ని ఆ శుభవార్తతోనే అచ్చయ్యెను. దాదాపు మూడుగంటల పిమ్మట సంస్థవారు వచ్చి, బ్రదికియున్నవా డొక్కడే, తక్కినవారందఱు మృతులైరని చెప్పిరి.

ఇది యెట్లు జరిగినది? లోపలికి పోయిన రక్షకదళమువారు విషవాయువునకు ముసుగులు ధరించి యుండిరి. వారి మాట గనిలోపల ఒకరినుండి యొకరికి అందుచు పైకి రావలెను. ఆ యందింపులో మాట మాఱినది. పైనున్న గదిలో ఆ మాటను విన్నవారు పలువురు. ఎవరో చేతిఫోనుల ద్వారా దానిని వెలుపలికి పంపిరి. దీనిని నేను క్షమింపగలను, ఆశ తొందరపడును. క్షమింపరాని దింకొకటి యున్నది. ఒక గంటలోపలనే ఆ వార్త తప్పై యుండవచ్చునని పెద్దలకు తెలిసినది. అయినను, సరియైన లెక్క తేలువఱకు ఆగుదమని వారు మౌనము వహించిరి. ఆ గంటలన్నియు చర్చిలో పాటలు సాగుచునేయున్నవి. ఎవడో ఒకడు వచ్చి, "ఇంతకుముందు విన్నది ధ్రువపడలేదు, దయచేసి ఆగుడు" అని యొక్క మాట చెప్పియుండినచో, దుఃఖము తగ్గియుండదు గాని అవమానము తప్పియుండెడిది. తెలిసినదానిని చెప్పుట యెంత ధర్మమో, తెలియదని చెప్పుటయు అంతే ధర్మము.

ఆ సంవత్సరముననే అమెరికా ప్రభుత్వము గనుల చట్టమును మార్చినది. గనిలో ఘోరప్రమాదము జరిగిన 15 నిమిషములలోపల ప్రభుత్వమునకు తెలుపవలెననియు, కుటుంబములతో మాటలాడుటకు ప్రత్యేకముగ నొక యధికారిని నియమింపవలెననియు అందు విధించిరి. ఆ తల్లుల కన్నీటితో వ్రాయబడిన శాసన మది.

మనదేశమునకు వత్తము. 2023 నవంబరు 12వ తేది, దీపావళినాడు, ఉత్తరకాశి జిల్లాలో సిల్‌క్యారా యొద్ద సొరంగము కూలి పనివారు లోపల చిక్కుకొనిరి. వారు 40 మంది యని కొన్ని దినములు చెప్పిరి. తరువాత లెక్క సరిచూడగా 41 మంది! అనగా, ఆ దినములన్నియు ఒక తల్లి కొడుకు అధికారుల పట్టికలో లేనేలేడు. ఈశ్వరానుగ్రహమున 41 మందియు నవంబరు 28వ తేదీన సజీవులై వెలుపలికి వచ్చిరి గనుక ఆ యొక్క పేరు కథ గనే మిగిలినది. రానియెడల ఏమయ్యెడిదో యోచింపుడు. అచ్చట జరిగిన మంచి కూడ చెప్పవలెను. మట్టిదిబ్బ గుండ ఆరంగుళముల గొట్టమును దూర్చి, దానిద్వారా వండిన యన్నమును పంపిరి, కెమెరాను పంపి వారి ముఖములను చూపిరి, బంధువులచేత మాటలాడించిరి. ఆ గొట్టమున పోయిన యన్నము ఎంత ముఖ్యమో, ఆ గొట్టమున వచ్చిన కంఠస్వరమును అంత ముఖ్యము.

2010లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున శాన్ హోసే గనిలో 33 మంది ఆగస్టు 5వ తేదీన చిక్కుకొని, 69 దినముల పిమ్మట అక్టోబరు 13వ తేదీన వెలువడిరి. మొదటి పదునేడు దినములు వారు బ్రదికియున్నారో లేదో యెవరికిని తెలియదు. కుటుంబములు గని యొద్దనే డేరాలు వేసికొని, ఆ శిబిరమునకు ఆశ యని పేరు పెట్టుకొనిరి. గనుల మంత్రి స్వయముగ అచ్చటనే యుండి వారితో మాటలాడుచుండెను. రక్షకదళమువారు దిగుచున్న మార్గము మరల కూలి, ఆ ప్రయత్నమును మానుకొనవలసి వచ్చినప్పుడు, ఆయన ఆ చెడువార్తను కూడ కన్నీటితో తానే చెప్పెను. చెడువార్త తెచ్చినవానిని కుటుంబములు ద్వేషింతురని యజమానులు భయపడుదురు. అనుభవము దీనికి విరుద్ధము. ముఖము చూపినవానిని ప్రజలు తిట్టినను నమ్ముదురు. ముఖము చాటుచేసినవానిని ఎన్నటికిని నమ్మరు.

ఇక మన ముంగిటి మాట. 2025 జూన్ 30వ తేది ఉదయమున, సంగారెడ్డి జిల్లా పాశమైలారము పారిశ్రామికవాడలోని యొక కర్మాగారమున ప్రేలుడు జరిగి కట్టడము కూలినది. 46 మంది మృతులైరని నిర్ధారణమైనది. మఱి 8 మంది జాడయే దొరకక, వారిని కూడ మృతులనుగానే యెంచవలసి వచ్చినది. వారిలో పలువురు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము మొదలగు రాష్ట్రములనుండి బ్రదుకుతెఱువునకై వచ్చినవారు. కాలిన దేహములను గుర్తుపట్టుటకు బంధువుల రక్తముతో పోల్చి చూచు డి.ఎన్.ఏ. పరీక్షలు చేసిరి. శవము దొరకనివారికి అంత్యక్రియ యెట్లు? పిండ మెప్పుడు? ఇట్టి కుటుంబములకు వార్త తెలుపుట యనునది ఒక్కనాటితో ముగియునది కాదు. నెల గడచినను, ఏడాది గడచినను, ఎవడో యొకడు పోయి, ఇంతవఱకు ఇది జరిగినది, ఇది జరుగలేదు అని చెప్పుచునే యుండవలెను. మన పిల్లలు సూరతున నుండగా మనము కోరుకొను మర్యాదనే, మన యూర పనిచేయు ఒడిశా తల్లికి మనము చూపవలెను. తెలుగురాని యా తల్లికి తెలుగులో కాగితము చదివి వినిపించుట చెప్పుట కాదు. నాడు నా పల్లెతల్లికి జరిగినదే మరల జరుగుట.

కర్మాగారముల యజమానులైన సోదరులారా! మీ న్యాయవాది, నోరు విప్పవలదు, విప్పినచో తప్పొప్పుకొన్నట్లగునని చెప్పును. అతని వృత్తి యది, అతనిని తప్పుపట్టను. కాని దుఃఖమును తెలుపుట నేర మొప్పుకొనుట కాదు. "మీ కుమారుడు మరణించెను. మేము మిక్కిలి విచారించుచున్నాము. కారణ మింకను తెలియదు, విచారణ జరుగుచున్నది. రేపుదయము తొమ్మిది గంటలకు నేను మరల వచ్చి, తెలిసినది చెప్పెదను" అను నాలుగు వాక్యములలో ఏది మిమ్ము న్యాయస్థానమున ముంచును? ఆ తొమ్మిది గంటలకు క్రొత్త విషయ మేమియు లేకున్నను పోవుడు. లేదని చెప్పుటకైనను పోవుడు. మాట ప్రకారము వచ్చినవాని ముఖమే వారికి కొంత యూరట.

నాకు తోచిన విధులను కొన్నింటిని చెప్పెదను.

ఒకటవది, పట్టిక. లోపల నున్నవారి పేర్లు ప్రతి షిఫ్టునకును వ్రాయబడవలెను. దాని నకలు గేటు వెలుపల నుండవలెను. లోపలి పుస్తకము లోపలి మంటలోనే కాలిపోవును గదా! కంట్రాక్టరు కూలీ, దినకూలి, ఆనాడే చేరిన కుఱ్ఱవాడు, ఊడ్చు స్త్రీ, అందఱి పేర్లును అందుండవలెను. ప్రతి పేరు ప్రక్కను ఎవరికి తెలుపవలెను, వారి ఫోను సంఖ్య యేమి, వారి భాష యేమి యని వ్రాసియుండవలెను.

రెండవది, పోవువాడు. దగ్గఱ యూరైనచో ఫోనుచేసి ఊరకుండరాదు. ఇద్దఱు పోవలెను, ఒకరు బాధ్యతగల యధికారి, ఒకరు ఆ యింటి భాష నెఱిగినవారు, వీలైనచో ఒక స్త్రీ యుండవలెను. దూరమైనచో ఆ యూరి పెద్దనో, ఉపాధ్యాయునో ముందుగా పిలిచి, ఆ యింట కూర్చుండబెట్టి, పిమ్మట మాటలాడవలెను. భార్య యుండగా మామకు మాత్రము చెప్పి మరలరాదు. పోయినవాడు ఆమె భర్త.

మూడవది, మాట. మరణించెనని స్పష్టముగ చెప్పవలెను. ధ్రువపడనిచో, ధ్రువపడలేదని చెప్పవలెను. ఆశ లేనిచోట ఆశ పెట్టరాదు. ఇంటివారికి తెలియకముందు పేరు పత్రికలకు పోరాదు. నేడు టెలివిజనులో కొడుకు శవమును చూచి తల్లి కూలబడుచున్నది; ఆ పాపము చిత్రము తీసినవానిదే కాదు, ముందు చెప్పనివానిది కూడ.

నాలుగవది, కాగితము. శవము లేవకముందు సంతకముల కొఱకు కాగితము చాపరాదు. నష్టపరిహారము వారి హక్కు. దానిని మౌనమునకు మూల్యముగ చేయరాదు. విచారణ ముగియకముందే, పనివాని యజాగ్రత్తచేత జరిగినదని ప్రకటింపరాదు. బదులు చెప్పలేని మృతునిపై నింద మోపుట మనుష్యధర్మము కాదు.

అయిదవది, మిగిలిన పనివారు. వీరిని అందఱు మఱచెదరు. ప్రక్కన నిలిచి పనిచేసినవాడు పోగా, తాను మిగిలినందుకు సిగ్గుపడుచు, నిద్రలేక తిరుగు మనుష్యులు వీరు. వీరడుగునవి మూడు: పోయిన దెవరు? ఏల జరిగినది? రేపు నేను మరల అచ్చటనే నిలువవలెనా? ఈ మూడింటికిని యజమాని తన నోట, అందఱిని పిలిచి, బదులు చెప్పవలెను. యంత్రమును పరీక్షించువఱకు నడుపనని చెప్పవలెను. పని నిలిచిన దినములకు కూలి యిత్తునో లేదో దాపరికము లేక చెప్పవలెను. చూచినదానిని విచారణలో భయము లేక చెప్పుడని చెప్పవలెను. అంతకుముందే ప్రమాదమును గూర్చి హెచ్చరించినవాడెవడైన నున్నచో, వాని మాట నిప్పుడైన వినవలెను. 1984లో భోపాలున జరిగిన ఘోరము తరువాత, 1987లో కర్మాగారముల చట్టమును సవరించి, అపాయకర పదార్థములను గూర్చి పనివారికిని, చుట్టుపట్ల ప్రజలకును ముందుగనే తెలుపవలెనని విధించిరి. ముందు చెప్పనివాడు తరువాత చెప్పిన దెవరు నమ్ముదురు? వార్తాధర్మము ప్రమాదమునాడు మొదలగునది కాదు.

ఇక మన సంఘము చేయవలసినది. వసతిగృహములు కట్టించితిమి, విద్యార్థివేతనము లిచ్చుచున్నాము, ఇవి శ్లాఘ్యములు. ఇంకొకటి చేయుదము. మనవారు పనిచేయు ప్రతి పారిశ్రామిక పట్టణమునను ఒక పురుషుని, ఒక స్త్రీని ఎన్నుకొందము. ప్రమాదము జరిగినచో వారిద్దఱును గేటు కడకు పోయి, నిజము తెలిసికొని, ఇంటికి తెలిపి, ఆసుపత్రియందును శ్మశానమునందును ప్రక్క నుండి, కర్మ ముగిసినపిమ్మట మొదటినెల, ఆరవనెల, సంవత్సరీకము నాడు ఆ గడప త్రొక్కవలెను. మన కులమువాడా కాడా యని చూడక, ఆ గేటు కడ దిక్కులేక నిలిచిన ప్రతి తల్లికిని వారు తోడు నిలువవలెను. దుఃఖమునకు కులము లేదు. దీనికి ధనముకంటె మనుష్యులు కావలెను. ఈ సాయంకాలము తీర్మానముల సభలో ఈ విషయమును కార్యదర్శిగారు ప్రవేశపెట్టెదరని నమ్ముచున్నాను. మొదటి పేరుగా ఈ ముసలి పంతులు పేరు వ్రాసికొనుడు. నేనుండు పట్టణమున ఆ గేటు కడకు నేను పోయెదను.

ఆ తల్లి యిప్పుడు లేదు. ఆమె బడి యరుగుమీద విడిచిపోయిన బియ్యమును నా భార్య వండుటకు ఒప్పుకొనలేదు, పక్షులకు చల్లితిమి. నేనాడు రెండు మాటలు నిజము చెప్పియుండినచో, ఆమె తన రెండవ కొడుకును వెంటబెట్టుకొని పోయెడిది. వాడు అన్నకు నిప్పు పెట్టెడివాడు. అంతకంటె ఎక్కువ యేమియు మాఱియుండదు. అంతమాత్రమైనను మాఱియుండెడిది.

 ఏ యింటికిని ఇట్టి వార్త పోవలసిన దినము రాకుండుగాక యని విశ్వకర్మ భగవానుని ప్రార్థించుచు, వచ్చినచో దానిని మోయువాడు నిజమును, దయను రెంటిని మోయుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.

స్వస్తి.